నాలుక తీయకుండా క్యాన్సర్‌కి ట్రీట్‌మెంట్ ఉందా?

"నాలుక కొంత తీసేయాలంటున్నారు, ఆపరేషన్ లేకుండా దారేమీ లేదా?" నోటి క్యాన్సర్ ముదిరాక బయటపడిన ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ఇదే. మాట పోతుందేమో, అన్నం మింగలేమేమో అన్న భయం అది. ఫోన్‌లో వెతికితే జపాన్ పద్ధతి ఒకటి కనిపిస్తుంది. ఈరోజు దాని సంగతి చూద్దాం.

మామూలుగా కీమో మందు చేతి నరానికి ఎక్కిస్తారు. ఒళ్లంతా తిరిగి, గడ్డకి చేరేది కొంచెమే. ఇప్పుడు మీ చెవి ముందు వేలు పెట్టి చూడండి, టక్ టక్ కొట్టుకుంటోంది కదా? ఆ ధమనిలోంచి సన్నటి గొట్టం కిందికి పంపి, నాలుకకి రక్తం తెచ్చే లింగ్యువల్ ధమని దగ్గర ఆపుతారు. సిస్‌ప్లాటిన్ మందు నేరుగా గడ్డకే అందుతుంది. దాటి ఒంట్లోకి వచ్చిన మందు కిడ్నీల్ని దెబ్బతీయకుండా, విరుగుడుగా సోడియం థయోసల్ఫేట్ నరానికి ఎక్కిస్తారు. తోడుగా కొన్ని వారాలు రేడియేషన్. (మన ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగే పెద్దవాళ్లకి అంగిట్లో వస్తుంది, దానికి రక్తం వచ్చే దారి వేరు.)

ఇంతకుముందు 1990ల్లోనే అమెరికాలో రాబిన్స్ అనే డాక్టర్ బృందం తొడ దగ్గరి ధమని నుంచి ఇలాగే చేసింది, పేరు రాడ్‌ప్లాట్. అక్కడి నుంచి మెడ దాకా వెళ్లాలంటే మెదడుకి రక్తం వెళ్లే దారిని తాకాలి. అంటే పక్షవాతం ముప్పు. చెవి దగ్గరి దారితో ఆ ముప్పు తగ్గుతుంది.

మరి ఫలితం? నెదర్లాండ్స్‌లో ఆపరేషన్‌కి వీలుకాని నాలుగో స్టేజ్ వాళ్లు 239 మందిలో కొందరికి ధమనిలోకి, కొందరికి మామూలుగా నరంలోకి మందిచ్చి, రేడియేషన్ ఇద్దరికీ ఇచ్చారు. 2010లో ఫలితం వచ్చింది: బతికే అవకాశంలో తేడా లేదు. అయితే అందులో గొంతు క్యాన్సర్లు కూడా ఉన్నాయి, వాడింది తొడ దారి. కాబట్టి జపాన్ పద్ధతిని అది పూర్తిగా కొట్టేసినట్టు కాదు, అలాగని గెలిచినట్టూ కాదు.

అందుకే తీయగలిగిన గడ్డకి ఇప్పటికీ మొదట ఆపరేషన్, తర్వాత రేడియేషన్, అవసరమైతే కీమో. తీసిన చోట చేతి నుంచో తొడ నుంచో కండ తెచ్చి కడతారు. నాకు భయమల్లా, ఈ వీడియోలు చూస్తూ రెండు నెలలు ఆగిపోయేవాళ్ల గురించే. గడ్డ మాత్రం ఆగదు.

ఈ పద్ధతి కావాలనుకుంటే డాక్టర్‌ని అడగండి: మీరు ఎంతమందికి చేశారు? ఏ దారిలో? గడ్డ తగ్గకపోతే తర్వాత ఆపరేషన్ కుదురుతుందా? రిపోర్టుల ఫొటోలు మాత్రం కామెంట్లలో పెట్టకండి, వాటి మీద మీ పేరు, ఫోన్ నంబర్ ఉంటాయి.