తన డిస్కు మీద తాను లేవాలి
(ప్రసంగ పాఠం)



నేను న్యూజీలాండ్‌లో, ఆక్లండ్‌కు ఉత్తరాన ఉన్న ఆల్బనీలో ఉంటాను. సర్వర్లను చూసుకోవడం నా ఉద్యోగం. భోజనాల వేళ సర్వర్లంటే వడ్డించేవాళ్ళనుకునేరు, ఇవి కంప్యూటర్లండి!

కొత్త సర్వర్ డిస్కు ఖాళీగా ఉంటుంది. అందుకని మొదటిసారి దాన్ని నెట్‌వర్క్ నుంచి లేపుతాం. 1990ల చివర్లో ఇంటెల్ తెచ్చిన ఈ పద్ధతిని పి.ఎక్స్.ఇ. అంటారు. ఆన్ చెయ్యగానే యంత్రం "నా అడ్రసేమిటి? నేను తెచ్చుకోవలసిన ఫైలేది?" అని కేకేస్తుంది. పంపిణీ సర్వర్ జవాబిస్తుంది. ఆ ఫైలు లైనక్స్‌ను డిస్కు మీద ఎక్కిస్తుంది. అక్కడితో నెట్‌వర్క్ పని అయిపోయింది. ఇకమీదట యంత్రం తన డిస్కు మీద నుంచే లేవాలి.

నేను చేసిన పొరపాటు ఇక్కడే. మా నలభై సర్వర్లలోనూ బూట్ వరసలో నెట్‌వర్క్ ఒక్కటే పెట్టి వదిలేశాను. లేచిన ప్రతిసారీ పంపిణీ సర్వర్‌ని అడిగేవి, అది "నీ డిస్కుకే వెళ్ళు" అనేది. రెండేళ్ళు హాయిగా నడిచింది.

ఒక రాత్రి కరెంటు పోయింది. బ్యాటరీలూ అయిపోయాయి. కరెంటు తిరిగొచ్చాక ఒక్క సర్వరూ లేవలేదు. జవాబు చెప్పవలసిన పంపిణీ సర్వర్ వర్చువల్ మెషీన్. అదేమో ఆ నలభైలో ఒకదాని లోపలే నిద్రపోతోంది! కీబోర్డూ మానిటరూ పట్టుకుని ఒక్కొక్కదాని దగ్గరికీ వెళ్ళి వరస మార్చాను. తెల్లవారిపోయింది. వాటిమీద ఆధారపడిన ఒక క్లినిక్‌లో ఆ ఉదయం రోగులు గంటసేపు బయట కూర్చున్నారు.

మందు చిన్నదే. శాశ్వతమైన బూట్‌ఆర్డర్‌లో డిస్కును ముందు పెట్టాలి. ఇన్‌స్టాల్ చేసే రోజున మాత్రం బూట్‌నెక్స్ట్‌తోనో, ఐ.పి.ఎం.ఐ. ద్వారానో "ఈ ఒక్కసారికి నెట్‌వర్క్" అని చెప్పాలి. పని ముగిశాక పంపిణీ సర్వర్‌ని ఆపేసి, యంత్రాన్ని రీబూట్ చేసి చూడాలి. అప్పుడు లేస్తేనే లేచినట్టు.

ఆ రాత్రి తర్వాత మా ఇంట్లోనూ ఒక సంగతి గమనించాను. మా అమ్మాయి తెలుగు మాట అడిగినప్పుడల్లా "అమ్మమ్మకు ఫోన్ చెయ్యి" అంటున్నాను. అమ్మమ్మ ఫోనెత్తినన్నాళ్ళు బాగానే ఉంటుంది. మేముండే దేశంలో మావోరీలు ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టి, 1982లో కోహంగ రెయో, అంటే భాషా గూళ్ళు, మొదలుపెట్టారు. అక్కడ పెద్దలు పసిపిల్లలతో మావోరీలోనే మాట్లాడతారు.

అమ్మమ్మతో ఫోను మానమని అనను. కానీ ఇప్పుడు మా ఇంట్లో రాత్రి భోజనం దగ్గర తెలుగే. మాట రాకపోతే నలుగురం కలిసి వెతుక్కుంటాం. ఫోను తర్వాత.

సెలవు. వడ్డించే సర్వర్లు పిలుస్తున్నారు.