కార్ఖానాలో శిక్షణ ఆగకూడదు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పనివారికి శిక్షణ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. "పుట్టుకతోనే నేతవాళ్లం, మాకు ఇంకేం నేర్పుతారయ్యా?" అని పెద్దలు కొందరు అంటూ వుంటారు. ఆ గర్వం వుండాల్సిందే. కాని తాతలు గుంటమగ్గం మీద చేసిన పని, నాన్నలు పవర్‌లూమ్ మీద చేసిన పని ఒకటి కాదు గదా! తెలంగాణ పల్లెల నుంచి వచ్చి షోలాపూర్ చద్దరు పేరు దేశమంతా తెలిసేటట్టు చేసినవాళ్లు వచ్చిన పనితోనే కూర్చోలేదు. జకార్డు నేర్చుకున్నారు, టెర్రీ టవల్ నేర్చుకున్నారు. యంత్రమంటే మనకు పగ కూడా లేదు. ఆసు యంత్రం తయారుచేసి 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం గారు చేనేత ఇంటివారే.

రంగుల సంగతి చూడండి. 1990లలో జర్మనీ కొన్ని అజో రంగులు వేసిన బట్టను వద్దంది. 1997లో మన ప్రభుత్వం కూడా కొన్ని అజో రంగులను నిషేధించింది. ముప్పై ఏళ్లు రంగు కలిపిన మనిషికైనా అది కంటితో చూస్తే తెలిసేది కాదు. ఎవరో చెప్పాలి, ఆయన వినాలి.

ఇప్పుడు ఎలక్ట్రానిక్ జకార్డు వచ్చింది. అట్టలు పోయి, డిజైన్ కంప్యూటర్ నుంచి మగ్గానికి వస్తోంది. చాలాచోట్ల ఏం జరుగుతోంది? అట్టలు కొట్టే మనిషిని ఇంటికి పంపి, కంప్యూటర్ తెలిసిన కుర్రవాణ్ణి పెట్టుకుంటున్నారు. మా లెక్కలో ఇది నష్టపు బేరం. గ్రాఫు కాగితం మీద ఏ గడికి ఏ పడుగు పోగు లేస్తుందో, పోగు ఎంత పొడవు తేలితే బట్ట చెడుతుందో ఆ పెద్దమనిషికి తెలుసు. ఆయనకు కంప్యూటర్ నేర్పడానికి కొన్ని నెలలు చాలు. కుర్రవాడికి బట్ట తెలియడానికి ఏళ్లు పడుతుంది. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టండి.

రాపియర్ మగ్గానికి నాడె లేదు, కండెలు అక్కర్లేదు. అంటే కండెలు చుట్టే ఆడవాళ్ల పని పోతుంది. మగ్గం కొనేనాడే వాళ్లకు కుట్టుపని, తనిఖీపని నేర్పే ఏర్పాటు కూడా కావాలి. ఈ మాట కార్ఖానాదారులు ఎవరూ తీయడం లేదు, అందుకే మేము తీస్తున్నాం.

ఇక అసలు కష్టం. మనలో చాలామందికి నేసినదానికే కూలి. ఒకరోజు క్లాసుకు పోతే ఆ రోజు ఇంట్లో డబ్బు రాదు. "పిలిస్తే రారు" అంటారు సేట్లు. ఎట్లా వస్తారు? నేర్చుకునే రోజుకూ కూలి కట్టివ్వాలి. "నేర్పితే పక్క కార్ఖానాకు పోతాడు" అనే భయం కూడా వుంది. పోతారు, కొందరు. అక్కడ నేర్చినవాడు ఒకడు ఇటూ వస్తాడు. పని తెలియని చేతికి లక్షల మగ్గం అప్పజెప్పి కూర్చోవడం కంటె అది నయం.

కేంద్ర ప్రభుత్వపు సమర్థ్ పథకంలో కొత్తవారికే కాదు, పనిలో వున్న జౌళి కార్మికులకు కూడా శిక్షణ వుంది. అయితే పడుగు, పేక, పన్నె అని ఇంట్లో మాట్లాడే పెద్దలకు ఇంగ్లీషు పుస్తకం చేతిలో పెడితే ఏం లాభం? సమాఖ్య తరఫున తెలుగులో చెప్పగల మన జాబర్లను, రంగు మాస్టర్లను ముందుగా పోగుచేయాలని కోరుతున్నాం. సభ అయ్యాక బయట బల్ల దగ్గర పుస్తకం పెట్టాం. నేర్పగలవారు ఒక వైపు, నేర్చుకోవాలనుకునేవారు ఇంకో వైపు పేర్లు రాయండి. రెండు వైపులా రాసినా ఫర్వాలేదు.