నక్క నోటికి అందిన టీకా

నేడు పశువైద్య పట్టాలు అందుకుంటున్న యువతకు రేబిస్ అనగానే వీధికుక్క గుర్తుకు రావడం సహజం. ఈ దేశంలో మనుషులకు ఆ వ్యాధి చాలావరకు కుక్క కాటు వల్లనే సోకుతోంది. అయినా వన్యమృగాలలో ఆ వైరస్ సాగించిన ప్రయాణం తెలియనిదే దాని స్వభావం పూర్తిగా బోధపడదు.

కాటు వేసిన చోట కండరంలో చేరిన వైరస్ నాడుల వెంట మెదడుకు ఎగబాకి, అక్కడి నుంచి మళ్ళీ నాడుల మీదుగానే లాలాజల గ్రంథులలోకి దిగి, చొంగలో చేరి మరో కాటుకై ఎదురుచూస్తుంది.

గత శతాబ్దం నడిమి దశకాలలో తూర్పు ఐరోపా ఎర్రనక్కలలో చెలరేగిన ఈ వ్యాధి ఏటా 20 నుంచి 60 కిలోమీటర్ల చొప్పున పడమటికి పాకుతూ 1967లో స్విట్జర్లాండ్‌లో అడుగుపెట్టింది. నక్కలు తగ్గితే వ్యాధీ తగ్గుతుందన్న లెక్కతో వాటిని కాల్చి చంపారు, బొరియలలో విషవాయువు నింపారు. వ్యాధి మాత్రం ఆగలేదు. నక్క తన హద్దులు తానే ఏర్పరచుకొని బతికే జంతువు కనుక, ఒకటి చచ్చి ఖాళీ అయిన చోటికి, పుట్టిన బొరియ విడిచి తావు వెతుక్కునే కుర్రనక్క మరొకటి వచ్చి చేరేది. లోపం తుపాకీలో లేదు, నక్క జీవితాన్ని పట్టించుకోని ఆలోచనలో ఉంది.

చంపడానికి బదులు నక్కలకు టీకా అందించడానికి 1978 అక్టోబరులో రోన్ నది లోయలో స్విస్ పరిశోధకులు ఎంచుకున్న సాధనం కోడితల. దాని చర్మం కింద టీకా ద్రవం ఉన్న చిన్న పొట్లాన్ని దూర్చి నక్కలు తిరిగే చోట్ల వదిలితే, నక్క కొరకగానే పొట్లం చిట్లి, బలహీనపరచిన సజీవ వైరస్ నోటిలోని పలుచని పొరకు తగిలి, వ్యాధిని తట్టుకునే శక్తి ఏర్పడుతుంది. లోయ ముఖద్వారంలో వేసిన ఆ అడ్డుకట్టను వ్యాధి దాటలేకపోయింది. 1999 నాటికి స్విట్జర్లాండ్ నక్కల రేబిస్ నుంచి విముక్తమైంది.

అంతటితో నిశ్చింతగా ఉండడానికి లేదు. సుమారు 12,000 జన్యు అక్షరాల ఆర్‌ఎన్‌ఏతో కూడిన ఈ వైరస్‌కు నకలు తీసేటప్పుడు దొర్లిన తప్పులు దిద్దుకునే ఏర్పాటు లేదు. అలా మిగిలిపోయే మార్పులనే ఉత్పరివర్తనాలు అంటారు. వాటితో వైరస్ కొత్త జంతువుకు అలవాటు పడవచ్చు. గబ్బిలాలలోనూ ఉండే ఈ వైరస్ వాటి నుంచి వేరే జంతువుకు సోకినా సాధారణంగా ఆ జంతువుతోనే అంతరిస్తుంది. కానీ 2001లో అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో, ఫ్లాగ్‌స్టాఫ్ పట్టణంలో, గబ్బిలాల రకం రేబిస్ స్కంక్ అనే చిన్న జంతువులకు సోకి, ఆపై ఒక స్కంక్ నుంచి మరొకదానికి వ్యాపించింది.

కనుక రోగగ్రస్తమైన జంతువు ఎదురైనప్పుడు లక్షణాలతో పాటు అది ఎక్కడ తిరుగుతుందో, ఏమి తింటుందో, ఏ జంతువుతో తలపడుతుందో కూడా రోగ వివరాల పుస్తకంలో తప్పక నమోదు చేయవలసిందిగా ఈ పట్టభద్రులకు మనవి.