నీళ్లు తాగి బస్సెక్కుదాం
నాకు 68 ఏళ్లు. ఊరికి పోవాలంటే పొద్దటి నుంచి నీళ్లు ముట్టకపోయేదాన్ని. దారిలో బాత్రూం దొరకదని భయం. అట్లనే ఒకసారి మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి మంచం పట్టిన.

జనగామలో, మహబూబాబాద్‌లో, అదే మన మానుకోటలో, రైల్వే స్టేషన్ అన్నా ఉంది. భూపాలపల్లికి రైలే లేదు. బస్టాండో, పెట్రోల్ బంకో దిక్కు.

ఇప్పుడు నా మనవరాలు బయల్దేరే ముందే గూగుల్ మ్యాప్స్‌లో 'పబ్లిక్ టాయిలెట్' అని వెతుకుతది. స్టార్లు ఒక్కటే కాదు, ఫొటోలు, రివ్యూల తేదీలు కూడా చూస్తది.

మీరు ఎక్కడ ఆగినా మూడు ముక్కలు రాయండి: నీళ్లున్నయా? గడియ పడుతదా? కమోడ్ ఉందా? మోకాళ్ల నొప్పులున్నోళ్లకు అదే ముఖ్యం. మీ రివ్యూ చూసి నాలాంటోళ్లు ధైర్యంగా నీళ్లు తాగి బస్సెక్కుతరు. ఉంటా మరి!