ఇంప్లాంట్ పన్నుకి పాచి పట్టదా?

ఇంట్లో అమ్మకో నాన్నకో ఇంప్లాంట్ పన్ను పెట్టిద్దామనుకుంటున్నారా? అయితే ఈ ఎపిసోడ్ మీకోసమే. మన కొత్తగూడెంలో సింగరేణి రిటైర్‌మెంట్ డబ్బుతో పళ్లు కట్టించుకున్న పెద్దవాళ్లు నాకు చాలామంది తెలుసు. "అది లోహం కదా, పుచ్చదు" అంటారు. నిజమే, పుచ్చదు. కానీ పాచి పడుతుంది.

భద్రాచలంలో గోదావరి మెట్లు గుర్తు తెచ్చుకోండి. నున్నటి రాయి మీద పాచి రుద్దితే పోతుంది. గరుకు రాయి అయితే సందుల్లో కొంచెం మిగిలి, మళ్లీ అక్కడి నుంచే పెరుగుతుంది. నోట్లోనూ ఇదే లెక్క.

మరి ఇంప్లాంట్‌ని గరుకుగా ఎందుకు చేస్తారు? ఎముక పట్టుకోవడానికి. 1965లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ మొదటి పేషెంట్‌కి పెట్టిన టైటానియం స్క్రూలు కాస్త నునుపైనవే. తర్వాత ఇసుకలాంటి రేణువులు కొట్టి, యాసిడ్‌తో తినిపించి గరుకు చేయడం మొదలైంది. ఇప్పుడు ఎక్కువగా వాడేవాటి గరుకుదనం 1 నుంచి 2 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో 1000వ వంతు. నోట్లోని చాలా బ్యాక్టీరియాల సైజు కూడా దాదాపు 1 మైక్రానే! అంటే ఎముకకి పట్టు దొరికే చోటే వాటికీ దాక్కునే చోటు.

అందుకే గరుకు భాగం ఎముక లోపలే ఉండాలి. చిగురు దాటి బయటికొచ్చే భాగం నున్నగా ఉండాలి. ఎంత నునుపు? బెల్జియంలోని ల్యూవెన్ యూనివర్సిటీ వాళ్లు 1990ల్లో పరీక్షించి 0.2 మైక్రాన్ల హద్దు చెప్పారు. అంతకంటే నున్నగా చేసినా పాచి పెద్దగా తగ్గదు.

అసలు ప్రమాదం ఇక్కడుంది. పాచి నిలిస్తే ముందు చిగురు వాస్తుంది, బ్రష్ చేస్తే రక్తం వస్తుంది. ఈ దశలో క్లీన్ చేస్తే తగ్గిపోతుంది. వదిలేస్తే ఎముక కరుగుతుంది. అప్పుడు లోపలి గరుకు బయటపడుతుంది, పాచికి ఇంకా చోటు దొరుకుతుంది. నొప్పి కూడా చాలాసార్లు ఉండదు. పన్ను కదిలేదాకా తెలియకపోవచ్చు.

మరి ఏం చేయాలి? బొగ్గుపొడి, ఇటుకపొడి, ఉప్పుతో రుద్దకండి. గీతలు పడితే నునుపు పోతుంది. మెత్తటి బ్రష్, పళ్ల సందుల్లో దూరే చిన్న బ్రష్ వాడండి. వేపపుల్ల ఆ సందుల్లోకి వెళ్లదు. గనిలోకి బీడీ తీసుకెళ్లనివ్వరు కాబట్టి కొందరికి ఖైనీ అలవాటు. బీడీ, ఖైనీ రెండూ మానాలి. షుగర్ కంట్రోల్‌లో ఉండాలి.

క్లీనింగ్‌కి వెళ్తే "ఇది ఇంప్లాంట్" అని డాక్టర్‌కి ముందే చెప్పండి. మామూలు స్టీల్ పరికరాలు దాని మీద గీతలు పెడతాయి. గీతలు పెట్టని పరికరాలు వేరే ఉంటాయి.

ఈరోజే మీ నాన్నగారిని ఒక్క మాట అడగండి: "బ్రష్ చేస్తుంటే రక్తం వస్తోందా?" వస్తోందంటే ఆలస్యం చేయకండి. మళ్లీ ఎపిసోడ్‌లో కలుద్దాం.