షాపులో స్టాఫ్‌తో సమస్యా? తిట్టే ముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి

ఈరోజు ఎపిసోడ్ ఉద్యోగం చేసేవాళ్ల కోసం కాదు, ఉద్యోగం ఇచ్చేవాళ్ల కోసం. పెద్ద కంపెనీలు కూడా కాదు. నలుగురో ఐదుగురో స్టాఫ్‌తో షాపు, వర్క్‌షాపు, హోటలు నడిపేవాళ్ల కోసం. ఇక్కడ హెచ్ఆర్ డిపార్ట్‌మెంట్ ఉండదు. ఓనరే హెచ్ఆర్, ఓనరే క్యాషియర్.

నేను బీటెక్ చేసి, బెంగళూరులో నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. 2020లో అందరిలాగే ల్యాప్‌టాప్ పట్టుకుని కుప్పం వచ్చేశాను. ఆ తర్వాత నాన్నకు మోకాలి ఆపరేషన్ అయింది. మాది హార్డ్‌వేర్, పెయింట్ల షాపు. కొన్ని నెలలు దాన్ని నేనే చూసుకోవాల్సి వచ్చింది. స్టాఫ్ ఐదుగురు. కోడ్ రాసేవాడికి ఐదుగురిని చూసుకోవడం ఎంతసేపు అనుకున్నాను. చాలా తప్పుగా అనుకున్నాను.

మా షాపులో ఒక అన్న ఉన్నాడు. ఎనిమిదేళ్ల సీనియర్. ఏ నట్టు ఏ డబ్బాలో ఉందో కళ్లు మూసుకుని చెప్తాడు. మనది మూడు రాష్ట్రాలు కలిసే చోటు కదా. కస్టమర్ తమిళంలో అడిగితే తమిళంలో, కన్నడలో అడిగితే కన్నడలో బేరం ఆడతాడు. అలాంటి మనిషి ఉన్నట్టుండి లేటుగా రావడం మొదలుపెట్టాడు. తొమ్మిదిన్నరకు రావాల్సినోడు పదిన్నరకు, ఒక్కోరోజు పదకొండుకు. వచ్చినా నిద్రమొహమే.

నేనేం చేశానో చెప్తాను, నవ్వకండి. షాపు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాను: ‘అందరూ టైముకు రావాలి’ అని. టైముకు వచ్చే నలుగురు హర్ట్ అయ్యారు. రావాల్సినోడు అది చదివాడో లేదో కూడా తెలీదు. ఒక్కడితో మాట్లాడటానికి ధైర్యం లేక అందరికీ మెసేజ్ పెట్టడం, ఇది మనలో చాలామంది చేసే మొదటి తప్పు.

మూడు వారాలు కోపం లోపలే దాచుకున్నాను. ఒక సోమవారం షాపు నిండా కస్టమర్లు. ఆయన పదకొండుకు వచ్చాడు. అందరి ముందు అనేశాను, ‘జీతం ఊరికే ఇస్తున్నామా అన్నా?’ అని. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. గోడౌన్ తాళాలు కౌంటర్ మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రానికే నాకు సీన్ అర్థమైంది. పైపు ఫిట్టింగులు ఎక్కడున్నాయో వెతకడానికే సగం రోజు పోయింది. ఇంకో భయం కూడా ఉంది. మన ఊర్లో పొద్దున్నే రైలెక్కితే బెంగళూరు. పని తెలిసిన మనిషికి అక్కడ పని దొరకదా?

ఇంటికెళ్లి నాన్నకు చెప్పాను, నాదే కరెక్ట్ అన్నట్టు. నాన్న మొత్తం విని ఒకటే అడిగాడు, ‘ఎందుకు లేటొస్తా ఉండాడో అడిగినావా నాయనా?’

అడగలేదు. మూడు వారాల్లో ఒక్కసారి కూడా అడగలేదు.

మరుసటి రోజు ఆయన ఇంటికి వెళ్లాను. టీ ఇచ్చారు. చాలాసేపటికి చెప్పాడు. ఇంట్లో గ్రూపు లోను ఉంది, వారం వారం కంతు కట్టాలి. నాన్న ఉన్నప్పుడు నెల మధ్యలో కొంచెం అడ్వాన్స్ ఇచ్చేవాడు, దాంతో సర్దుకునేవాడు. నేను వచ్చాక ‘సిస్టమ్’ పెట్టాను కదా, అడ్వాన్స్‌లు బంద్, ఒకటో తేదీనే జీతం. అందుకని తెల్లవారుజామున మండీలో లోడింగ్ పనికి వెళ్తున్నాడు. అది అయ్యేసరికి పది దాటుతుంది. ‘చెప్పొచ్చు కదా అన్నా’ అన్నాను. ‘నువ్వు పేపర్ మీద రాసి గోడకు అంటించినావు కదా తమ్ముడూ, ఇంక ఏం చెప్పేది?’ అన్నాడు.

అంటే నేను మూడు వారాలుగా తిట్టుకుంటున్న సమస్యను తయారుచేసింది నేనే.

ఇక్కడ ఒక మాట. కారణం తెలిసింది కాబట్టి లేటు ఓకే అని కాదు. నేను చెప్పేది కూడా చెప్పాను: ‘ఈ మూడు వారాల్లో పదకొండు రోజులు లేటు. ఆ టైములో నీ పని మిగతావాళ్లు చేశారు.’ ‘నువ్వు బాధ్యత లేనోడివి’ అనడం వేరు, ‘పదకొండు రోజులు’ అనడం వేరు. మొదటిది విన్న మనిషి గొడవకు దిగుతాడు. రెండోది విన్న మనిషి లెక్క చూసుకుంటాడు.

ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. పదిహేనో తేదీన అడ్వాన్స్, జీతంలో మూడో వంతు దాకా, బుక్కులో రాసి. అది ఆయనకొక్కడికే కాదు, ఐదుగురికీ. ఆయన మండీ పని మానేస్తాడు. అంతకంటే ముఖ్యం, అందరి ముందు అన్నాను కాబట్టి అందరి ముందే సారీ చెప్పాను. మరుసటి వారం నుంచి తొమ్మిదిన్నరకే వచ్చాడు.

సరే, అన్ని కథలూ ఇలాగే ముగియవు. కొన్ని నెలలకు కౌంటర్‌లో ఇంకో సమస్య. బిల్ బుక్కుకూ క్యాష్‌కూ తేడా. ఒకరోజు ఐదొందలు, ఇంకోరోజు ఆరొందలు. ఈసారి అరవలేదు. వారం రోజులు రోజూ లెక్క రాసుకున్నాను. తర్వాత కౌంటర్‌లో ఉండే అబ్బాయిని షట్టర్ వేశాక కూర్చోబెట్టి, పక్కన నాన్నను పెట్టుకుని, ‘ఈ తేడా ఎలా వచ్చిందో నువ్వే చెప్పు’ అని బుక్కు ముందు పెట్టాను. కాసేపటికి ఒప్పుకున్నాడు. ఫోన్‌లో బెట్టింగ్. ఆ అబ్బాయిని పనిలో ఉంచుకోలేకపోయాం. కానీ వీధిలో పరువు తీయలేదు. పోయిన డబ్బు ఎంతో ఇద్దరం రాసుకుని, సంతకాలు పెట్టుకుని, పని చేసిన రోజులకు రావాల్సింది రెండు రోజుల్లో ఇచ్చేశాం. మిగతా స్టాఫ్‌కు ‘మానేశాడు’ అని మాత్రమే చెప్పాం.

ఇది మంచితనం ఒక్కటే కాదండీ, చట్టం కూడా. మన చిన్న షాపులకు చట్టాలేంటి అనుకుంటాం. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ షాపులు, సంస్థల చట్టం ఉంది. ఆరు నెలలు వరసగా పని చేసిన మనిషిని సరైన కారణం లేకుండా, నెల ముందు రాతపూర్వకంగా నోటీసు గానీ, దాని బదులు నెల జీతం గానీ ఇవ్వకుండా తీసేయకూడదు. 2019 వేతనాల కోడ్ ప్రకారం, తీసేసినా, తనే మానేసినా, రెండు పనిదినాల్లో జీతం లెక్క తేల్చాలి. నష్టం జరిగిందని జీతంలో కోత పెట్టాలన్నా, ముందు ఆ మనిషి చెప్పేది వినాలి. మా నాన్న అడిగిన ప్రశ్న చట్టంలోనే ఉందన్నమాట! మీ కేసు పెద్దదైతే మాత్రం ఒక లాయర్‌ను అడిగి ముందుకెళ్లండి.

కాబట్టి గుర్తుపెట్టుకోండి. మొదటి వారంలోనే మాట్లాడండి, కోపం ముదిరే దాకా ఆగకండి. ఒక్కరితోనే మాట్లాడండి, గ్రూపులో కాదు, కస్టమర్ల ముందు అసలే కాదు. మనిషి గురించి కాదు, జరిగిన పని గురించి మాట్లాడండి, తేదీలతో. అన్నిటికంటే ముందు ‘ఎందుకు?’ అని అడిగి, జవాబు వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చోండి. అదే కష్టం.

చిన్న ఊరిలో మనం ఎవరినీ పూర్తిగా ‘తీసేయలేం’. రేపు గంగమ్మ జాతరలో ఎదురుపడతారు. అప్పుడు తల తిప్పుకుని పోవాల్సిన పని ఇద్దరికీ ఉండకూడదు. ఆ బెట్టింగ్ అబ్బాయి మొన్న బస్టాండ్ దగ్గర కనిపించాడు. ‘బాగుండావా అన్నా?’ అని వాడే పలకరించాడు. నాకది చాలు.

మీ షాపులో ఇప్పుడు ఎవరిమీదైనా కోపం దాచుకుని ఉన్నారా? ఈ వీడియో ఆపి, రేపు పొద్దున వాళ్లతో ఒక టీ తాగండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, నమస్తే.