పస్కా పండుగ – క్రైస్తవులకు దాని భావము



మన పండుగలవలెనే యూదుల పండుగలును తిథిని బట్టి వచ్చును. వారి పస్కా పండుగ వసంతకాలమున, నీసాను మాసపు పూర్ణిమకు వచ్చును. క్రైస్తవుల ఈస్టరు ఏటేట తేదీ మారుటకును పూర్ణిమయే కారణము. మార్చి 21న గాని, ఆ పిమ్మట గాని వచ్చు పూర్ణిమ దాటిన ఆదివారమే ఈస్టరు అని పాశ్చాత్య సంఘముల లెక్క. అయితే ఈ రెండు పండుగల చుట్టరికము తిథితో ముగియునది కాదు.

ఐగుప్తు దేశమున దాస్యములో మ్రగ్గుచున్న ఇశ్రాయేలీయులను మోషే విడిపించి నడిపించిన రాత్రిని పస్కా స్మరింపజేయును. ఆ రాత్రి వారు గొఱ్ఱెపిల్లను వధించి దాని రక్తమును ద్వారబంధములకు పూసిరనియు, మృత్యువు ఆ యిండ్లను దాటిపోయెననియు నిర్గమకాండము చెప్పుచున్నది. ప్రయాణపు తొందరలో పిండి పులియుటకు వ్యవధి లేకపోయెను. అందుచేత నేటికిని యూదులు పండుగకు ముందు ఇల్లంతయు వెదకి పులిసిన పదార్థమును తీసివేసి, పండుగ దినములలో పులియని రొట్టెయే భుజింతురు.

క్రీ. శ. 70లో రోమనులు యెరూషలేము దేవాలయమును నాశనము చేసిరి. దానితో బలి నిలిచిపోయెను గాని పండుగ నిలిచిపోలేదు. అది ఇంటి భోజనపు బల్లకు చేరెను. ఇంటిలో అందఱికంటె చిన్నవారు ఈ రాత్రి విశేషమేమని అడుగుదురు; పెద్దలు కథ చెప్పుదురు. చేదుకూరలు దాస్యమును, ఉప్పునీరు కన్నీటిని జ్ఞప్తికి తెచ్చును. ఐగుప్తునకు వచ్చిన పది తెగుళ్లను పేర్కొనునపుడు ఒక్కొక్క దానికి ఒక్కొక్క చుక్క చొప్పున ద్రాక్షారసమును పాత్రనుండి తీసివేయుదురు. శత్రువు బాధపడినచోట మన ఆనందపాత్ర నిండుగా ఉండరాదని దీనికి చెప్పు భావము.

యేసు యూదుడు; ఆయన తొలి శిష్యులును యూదులే. ఆయన కడపటి భోజనము పస్కా భోజనమేయని మొదటి మూడు సువార్తలు చెప్పుచున్నవి. యోహాను సువార్త ప్రకారము ఆయన మరణము పస్కాను సిద్ధపరచు దినమున జరిగెను. ఏ లెక్కను చూచినను, ప్రభురాత్రి భోజన సంస్కారము ఆ పండుగ నీడలో పుట్టినదే. పౌలు క్రీస్తును పస్కా బలిగా భావించెను. పస్కాను ఎఱుగని క్రైస్తవునకు తన సంస్కారము సగమే బోధపడును.

ఇంత దగ్గఱి చుట్టరికము వైరముగా మాఱుట చరిత్రలోని విషాదము. 325లో నైసియా సభ ఈస్టరును యూదుల పంచాంగముతో నిమిత్తము లేకుండ అందఱును ఒకే దినమున జరుపవలెనని నిశ్చయించెను. దినములు వేఱగుటలో దోషము లేదు. మనస్సులు వేఱగుటలోనే ముప్పు కలదు. మధ్యయుగపు ఐరోపాలో, యూదులు పస్కా రొట్టెలో క్రైస్తవ శిశువుల రక్తము కలుపుదురను ఘోరమైన అబద్ధము వ్యాపించెను. రక్తమును భుజింపరాదని ధర్మశాస్త్రము శాసించిన జనముపై ఈ నింద! 1903లో రష్యా సామ్రాజ్యమందలి కిషినేవు పట్టణమున అట్టి వదంతులవలన ఈస్టరు ఆదివారముననే హత్యాకాండ చెలరేగి, 40 మందికి పైగా యూదులు హతులైరి.

హిట్లరు పాలనలో సుమారు 60 లక్షల యూదులు వధింపబడిన పిమ్మట, క్రైస్తవ సంఘములు తమ బోధను తామే పరిశీలించుకొనవలసి వచ్చెను. యేసు మరణమునకు నాటి యూదులందఱిని గాని, నేటి యూదులను గాని నిందింపరాదని రెండవ వాటికను మహాసభ 1965 అక్టోబరు 28న ప్రకటించెను. 1986లో రెండవ జాన్ పాల్ పోపు రోము నగరమందలి యూదుల ప్రార్థనామందిరమునకు స్వయముగా వెళ్లి, వారిని అన్నలుగా సంభావించెను.

నేడు కొన్ని క్రైస్తవ సంఘములు పస్కా భోజనమును తామే జరుపుచున్నవి. దీనికి యూదులలో పలువురు అభ్యంతరము చెప్పుచున్నారు. అది న్యాయమే. అన్నగారి యింట అతిథియై కూర్చుండుట వేఱు. ఆయన పండుగను మనదని చెప్పుకొనుట వేఱు. క్రైస్తవుడు పస్కానుండి గ్రహింపవలసినది తన విశ్వాసమునకు మూలము మాత్రమే కాదు, ఆ మూలమును నేటికిని కాపాడుకొనుచున్న జనముయెడల కృతజ్ఞతయు. ఇక పరుల దుఃఖమును తలచి తన పాత్రనుండి ఒక చుక్క తగ్గించుకొనుట యనునది ఏ మతమువారికైనను నేర్వదగిన పాఠము.